సెంట్రింగ్ విప్పే రోజు

డ్రిల్లు మొరాయించలేదు. అక్కడే ఆమెకు మొదటి అనుమానం వచ్చింది.

ఆస్పత్రి మేడమీద కొత్తగా పోసిన వసారా అంచున రెయిలింగు కోసం కన్నాలు వేస్తున్నాడు వెల్డరు. మామూలుగా కాంక్రీటులో కన్నం వేయడమంటే చెవులు చిల్లులు పడే రొద, పళ్ళు జివ్వుమనిపించే గోల. ఇతగాడు మాత్రం ఈల వేసుకుంటూ, ఒంటి చేత్తో డ్రిల్లు పట్టుకుని, గుమ్మడికాయకు గాటు పెట్టినంత సులువుగా కానిచ్చేస్తున్నాడు.

"ఇంజనీరమ్మగారూ, మీ స్లాబు బంగారమండీ!" అన్నాడు ఆమెను చూసి. "ఊరంతా ఇదే పోయించండి. బిట్లు అరగవు, భుజాలు పడిపోవు."

ఆమె నవ్వబోయింది. కన్నం పక్కన పడిన పొడి చూసి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

పొడి నల్లగా ఉంది.

వంగి చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది. కాంక్రీటు పొడి అయితే పిండిలా జారిపోవాలి. ఇది జారలేదు, మెత్తగా సాగింది. పక్క కన్నం దగ్గరికి వెళ్ళింది. అక్కడా నలుపే. దాని పక్కదీ అంతే. వరసగా చీమలపుట్టలు లేచినట్టు అంచు పొడవునా నల్లని కుప్పలు.

ఆ కాంక్రీటు ఆమెది. పాత టైర్లను ఆమె భర్త తన మిల్లులో రజనుగా ఆడతాడు. కంకరలో కొంత తీసేసి ఆ రబ్బరు రజను వేస్తుంది ఆమె. సిమెంటులో కొంత తగ్గించి కరెంటు ఫ్యాక్టరీ బూడిద, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం పొడి కలుపుతుంది. ఎవరికీ అక్కర్లేని చెత్తతో తేలికపాటి కాంక్రీటు. "టైర్లతో మేడలు కడుతోందట, పంక్చరైతే గాలి ఎక్కడ కొట్టించాలో!" అని చుట్టాలు వెనకాల నవ్వుకున్నారు. కాలిబాటలు పోశారు, ప్రహరీ దిమ్మెలు పోశారు. ఆ తర్వాత ఈ ఆస్పత్రి పని దొరికింది. పాత గోడలు ఎక్కువ బరువు మోయలేవు కాబట్టి, మేడమీద నుంచి వీధి వైపు పొడుచుకొచ్చే వసారాకి ఆమె సరుకే కావాలన్నారు. అది నిలబడితే మిల్లు నిలబడుతుంది. అందుకే నెల రోజులుగా ఆమెకు కంటి నిండా నిద్ర లేదు.

నిద్ర లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని ఆమె ఇన్నాళ్ళూ పేరుపెట్టి పిలవలేదు.

వెల్డరు చేతిలోంచి సుత్తి తీసుకుని నేల మీద కొట్టింది. పైపొర ఖంగుమంది. ఒక కన్నం అంచున గట్టిగా కొట్టింది. అట్టులాంటి సిమెంటు పెచ్చు ఒకటి లేచి పక్కకు పడింది. దాని కింద మళ్ళీ కొట్టింది. చెప్పు కింద అట్టపెట్టె నలిగినట్టు మొద్దుచప్పుడు.

"అదేంటండీ, బంగారం అంటే గీటుపెట్టి చూస్తున్నారా?" అన్నాడు వెల్డరు.

"పని ఆపు. ఇటు రా, గుమ్మం లోపలికి. స్లాబు మీద నిలబడకు."

"జోకా?"

"రమ్మంటున్నానా!"

అతను ఈల మానేసి గుమ్మం లోపలికి వచ్చాడు.

రబ్బరు తేలిక. పచ్చి కాంక్రీటును అదిరించి సర్దే వైబ్రేటర్ సూది పెట్టగానే రాయి కిందికి దిగుతుంది, రబ్బరు పైకి తేలుతుంది. అందుకే ఈ సరుకులో సూది ఇలా ముంచి అలా తీసేయాలి. ఎక్కువసేపు ఉంచితే రజనంతా పైకి చేరి మీగడ కడుతుంది. మామూలు స్లాబుకైతే అంత ప్రమాదం లేదు. అది నాలుగు గోడల మీద పడుకుని ఉంటుంది. ఇది అలాంటిది కాదు. ఒక వైపు గోడలో పాతుకుని, రెండో వైపు గాల్లో చెయ్యి చాపిన స్లాబు. దీని బలమంతా పైనున్న చువ్వల్లో, ఆ చువ్వల్ని పట్టుకున్న పై కాంక్రీటులో. ఆ పైభాగమే ఇప్పుడు రబ్బరు గుజ్జు.

కింద సెంట్రింగ్ చెక్కలూ, వాటిని మోసే జాకీలూ ఉన్నాయి కాబట్టి నిలబడి ఉంది.

వీధిలోంచి కాంట్రాక్టరు కేక వినిపించింది. "ఏమయ్యా, విప్పుతారా, వాటికి వేళ్ళు మొలిచేదాకా చూస్తారా?"

అతనికి కూలీలు పెట్టిన పేరు అర్జెంటు. అతనికి ఏదైనా అర్జెంటే. ఈరోజు భోజనాల వేళకి సెంట్రింగ్ విప్పేయాలి, సాయంత్రం రోగులను ఆ నీడలో కూర్చోబెట్టాలి, జాకీలు ఇంకో సైటుకు పోవాలి. కింద అప్పుడే బెంచీలు తెచ్చి గోడ పక్కన పెట్టారు. చంటిపిల్లలతో తల్లులు, కట్లు కట్టిన ముసలాళ్ళు ఎండలో చేతులడ్డం పెట్టుకుని, ఆ నీడ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు.

ఆమె భర్తకు ఫోను చేసింది. మిల్లు రొదలో అతని గొంతు సగమే వినిపించింది.

"పోత రోజున మీ అన్నయ్యకి ఏం చెప్పారు? సూది ఎక్కువసేపు పెట్టొద్దని చెప్పమన్నాను కదా?"

"చెప్పానే."

"ఎలా చెప్పారు? ఉన్న మాట ఉన్నట్టు చెప్పండి."

"నువ్వలా మీద పడితే ఎలా? ఆయన చేత్తో ఎన్ని స్లాబులు లేచాయో నీకు తెలీదా? 'సూది తక్కువ పెట్టు అన్నయ్యా' అంటే నా మొహాన ఉమ్మేస్తాడు. సూది దగ్గర కాస్త జాగ్రత్త, నీ మరదలి సరుకు, పేరు పోకూడదు అన్నాను."

ఆమె గోడకు ఆనుకుంది.

జాగ్రత్త. ఈ పనికి పెద్ద మేస్త్రీ ఆమె బావగారే. అలాంటి మనిషికి ఆ మాట చెబితే ఏం చేస్తాడు? ఇంకో రెండు దఫాలు ఎక్కువ పెడతాడు.

పోత రోజున ఆమె ఇక్కడే ఉంది. మిక్సరు దగ్గర కూర్చుని పరీక్ష దిమ్మెలకు అచ్చులు నింపుకుంది, చువ్వతో కూరి. ఆ దిమ్మెలు పరీక్షలో భేషుగ్గా నెగ్గాయి. నెగ్గకేం, వాటికి సూది తగల్లేదు. తలెత్తి చూసినప్పుడు మేడమీద సూది చాలాసేపు గుర్రుమంటూనే ఉంది. లేచి వెళ్ళి చెబుదామనుకుంది. బావగారు పంచె ఎగ్గట్టుకుని, పదిమంది మధ్య తాపీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన ముందు ఇంట్లో గొంతెత్తి కూడా ఎరగదు. మంచినీళ్ళ చెంబు అక్కడ పెట్టి పక్కకు తప్పుకునే మనిషి, కూలీల ముందు ఆయనకు సూది పట్టడం నేర్పుతుందా? మా ఆయన చెప్పే ఉంటారులే అనుకుని మళ్ళీ దిమ్మెల మీదికి వంగింది.

"అన్నయ్యని నలుగురిలో ఏమీ అనకు," అంటున్నాడు భర్త. "సాయంత్రం ఇంటికొచ్చాక నేను మాట్లాడతా."

"సాయంత్రానికి దాని కింద జనం కూర్చుంటారు," అని ఫోను పెట్టేసింది.

పెద్ద మేస్త్రీ మెట్ల మలుపులో ఎదురయ్యాడు. పొడుగు మనిషి, భుజాన తువ్వాలు, కనుబొమల్లో కూడా సిమెంటు. ఆమెను చూసి అలవాటుగా ఓ మెట్టు పక్కకు జరిగాడు.

"విప్పిస్తున్నానమ్మా. చూస్తూ ఉండు, గీత గీసినట్టుంటుంది అంచు."

"బావగారూ... ఒక్క మాట." గుప్పిట్లో ఇంకా చిటికెడు నల్లపొడి ఉంది. "పోసిన రోజు సూది ఎంతసేపు ఉంచారు?"

ఆయన మొహం వెలిగింది. ఎవరో అడగాలని ఎదురు చూస్తున్న ప్రశ్నలా ఉంది. "సిమెంటు పాలు పైకి తేలేదాకా. ఈ సరుకు మొండిదమ్మాయ్, పాలు ఒక పట్టాన తేలవు. కుర్రాళ్ళు విసుక్కుని తీసేయబోతే నేనే లాక్కుని పట్టాను. ఒక చుట్టు అయ్యాక రెండో చుట్టు. నీ సరుకు మీద ఎవడూ వేలెత్తి చూపకూడదని."

"పైన నల్లగా తేలలేదా?"

"తేలింది. పొక్కుల్లాగా అసహ్యంగా కనపడితే సిమెంటు చల్లి తాపీతో నునుపు తిప్పేశాను. అద్దంలా లేదూ?"

ఆమె చేతిలోని నల్లపొడి చూపించింది. వీలైనంత మెల్లగా, వీలైనంత తక్కువ మాటల్లో చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళలోకి కాకుండా తువ్వాలు కొసవైపే చూసింది.

ఆయన ఆ పొడిని తన అరచేతిలోకి ఒంపుకుని, మూతి బిగించి చూశాడు.

"అంటే నేను పాడు చేశానంటావు."

"అలా కాదు బావగారూ..."

"మరెలా? నీ దిమ్మెలు నెగ్గాయి. అంటే సరుకు మంచిది. స్లాబు మంచిది కాదంటున్నావు. మిగిలింది నా చెయ్యేగా?" గొంతు పెరగలేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. "తక్కువ పెట్టమని ఆ రోజు చెప్పి ఉండాల్సింది. అక్కడే కూర్చున్నావు కదా నువ్వు."



ఆయన పొడి దులిపేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆమె కాంట్రాక్టరు దగ్గరికి పరుగెత్తింది. అతను ఒక చెవికి ఫోను, ఇంకో చెవిలో వేలు పెట్టుకుని లారీవాడితో పోట్లాడుతున్నాడు.

"సెంట్రింగ్ విప్పొద్దండీ. పైభాగం బలహీనంగా ఉంది."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నాను."

"దిమ్మెలు నెగ్గాయని చెప్పిందెవరు?"

"నేనే."

"ఆహా!" కాంట్రాక్టరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పొద్దునొక మాట, మధ్యాహ్నమొక మాట. లారీ వచ్చేసిందమ్మా! అంత అనుమానం ఉంటే మీ బావగారిని అడుగు. ఆయన ఊ అంటే చాలు నాకు. ఏమంటారు పెద్ద మేస్త్రీగారూ, మీ స్లాబు పడిపోతుందట!"

అందరూ తిరిగి చూశారు. కూలీలు, గుమ్మంలో నర్సు, ఎండలో తల్లులు. పెద్ద మేస్త్రీ వాళ్ళందరినీ ఓసారి చూశాడు. ఆ తర్వాత ఆమెను చూశాడు.

సెంట్రింగ్ విప్పేటప్పుడు ఆయనకో అలవాటుంది. స్లాబు కిందికి వెళ్ళి సరిగ్గా మధ్యలో నిలబడతాడు. చేతులు కట్టుకుని, పైకి కూడా చూడకుండా, విప్పండ్రా అంటాడు. చివరి జాకీ పడేదాకా కదలడు. ఆయన పనికి అంతకుమించి గ్యారంటీ ఎవరూ అడగరు. కుర్ర మేస్త్రీలు దాన్ని కథలు కథలుగా చెప్పుకుంటారు.

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఆయన వసారా కిందికి నడిచాడు.

"విప్పండ్రా."

"బావగారూ, వద్దు!"

ఆయన వినిపించుకోలేదు. ఇద్దరు కూలీలు బయటి వరస మొదటి జాకీ పట్టుకున్నారు. ఒకడు సుత్తితో మర మీద కొట్టాడు. తుప్పు రాలింది.

కేకలు వేస్తే ఆయన ఇంకా పట్టుదలకు పోతాడు. కాంట్రాక్టరు చేతులు పట్టుకున్నా లాభం లేదు. భర్త మిల్లులో ఉన్నాడు. ఆ మనిషి మాట వినేది ఒక్క తన చెయ్యి మాటే. ఆ చేతి మీద ఆయన ప్రాణం పెట్టేశాడు, ఇంక వెనక్కి తీసుకోడు.

ఆమె చెప్పులు విడిచి కొంగు బిగించి, జాకీల మధ్య నుంచి వంగి లోపలికి నడిచింది. ఆయనకు మూరెడు దూరంలో నిలబడింది. కాపురానికి వచ్చింది మొదలు ఆయనకు ఇంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు.

"ఏంటమ్మా ఇది? బయటికి పో."

"పోను."

"ఆటలా? పిల్లలున్న తల్లివి. పో బయటికి!"

"స్లాబు గట్టిదే అన్నారు కదా బావగారూ. గట్టిదైతే నేనుంటే మాత్రం ఏం? విప్పమనండి."

సుత్తి ఆగిపోయింది. కూలీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. పైన చెక్కల సందుల్లోంచి సన్నటి దుమ్ము వాళ్ళ మధ్యన రాలింది. ఆయన మెడ మీద నరం కొట్టుకోవడం ఆమెకు కనిపించింది.

ఆయన మొదటిసారి తలెత్తి పైకి చూశాడు.

చాలాసేపు చూశాడు. తన చేత్తో బిగించిన చెక్కల్ని, తను తట్టి సరిచేసిన మూలల్ని. ఆ తర్వాత ఆమె భుజం పక్కనుంచి, ఆమెను తాకకుండా, గాల్లో చెయ్యి చాపి దారి చూపించాడు.

"నడు," అన్నాడు బొంగురుగా. "ముందు నువ్వు. నీ వెనకే నేను."

బయటికొచ్చాక ఆమె కాంట్రాక్టరు వైపు తిరిగింది. జాకీలు తీయొద్దంది. బయటి వరసను ఒక్క చుట్టు వదులు చేద్దామంది, పొడవాటి రాడ్డుతో, దూరంగా నిలబడి. స్లాబు తన కాళ్ళ మీద తను నిలబడగలిగితే చెక్కకూ జాకీకీ మధ్య సందు రావాలి. లేకపోతే జాకీ వెంటే దిగొస్తుంది.

"అంతేనా? అర్జెంటుగా కానీ," అన్నాడు కాంట్రాక్టరు. సందు కొలవడానికి జేబులోంచి తన విజిటింగ్ కార్డు కూడా తీసిచ్చాడు. "ఇది దూరితే నేను గెలిచినట్టు."

కూలీలు రాడ్డు దూర్చి మర తిప్పారు. ఒక్కో జాకీ, వరసగా. జనాన్ని అవతలి గోడ దాకా జరిపారు. ఒక చంటిపిల్ల ఏడుపు అందుకుంటే తల్లి నోరు మూసింది.

ఏ చప్పుడూ రాలేదు. మామూలు కాంక్రీటు విరిగితే టపటపా పేలుతుంది, పారిపోవడానికి ఓ క్షణం ఇస్తుంది. ఇది పేలలేదు. మూలగలేదు. కానీ పెద్ద మేస్త్రీ కళ్ళు చిన్నవయ్యాయి. గీత గీసినట్టున్న ఆ అంచు మీద నుంచి ఆయన చూపు ఆకాశంలోని కరెంటు తీగ మీదికి, మళ్ళీ అంచు మీదికి వెళ్ళింది. రెండిటి మధ్య దూరం పెరిగింది.

"దిగుతోంది," అన్నాడు నోట్లోనే.

కూలీ ఒకడు బయటినుంచే చెయ్యి చాపి కార్డు దూర్చబోయాడు. కార్డు వంగింది. ఇంకో జాకీ దగ్గరా వంగింది. ప్రతి జాకీ మీదా స్లాబు మళ్ళీ మెత్తగా వచ్చి కూర్చుంది.

మేడమీద గుమ్మంలోంచి వెల్డరు అరిచాడు. "అమ్మగారూ! ఇక్కడ గోడ దగ్గర నోరు తెరిచిందండీ! ఈ కొసనుంచి ఆ కొసకి! లోపల నల్ల నలుసులే పట్టుకుని వేలాడుతున్నాయి!"

"బిగించండి," అంది ఆమె. "అన్నీ బిగించండి. ఇంకో వరస జాకీలు తెప్పించండి."

కాంట్రాక్టరు వంగిన కార్డును సాపు చేస్తూ నిలబడ్డాడు. నీడలో వేయడానికి తెచ్చిపెట్టిన బెంచీల వంక చూశాడు. అర్జెంటు అనే మాట ఆ పూటకి అతని నోట రాలేదు. తేరుకున్నాక అడిగాడు. "ఇప్పుడు ఎవరిననాలి నేను? సరుకునా, మనిషినా?"

"సూది పట్టింది నేను," అన్నాడు పెద్ద మేస్త్రీ, వీధి వైపు చూస్తూ.

"చెప్పాల్సింది నేను. చెప్పలేదు," అంది ఆమె.

"బావుంది! మీ ఇంటి పంచాయితీ ఇంట్లో తేల్చుకోండి. పగలగొట్టి, చెత్త ఎత్తి, చోటు శుభ్రంగా అప్పగించండి. ఆ తర్వాత మీ సరుకూ వద్దు, మీ ముఠా వద్దు."

ఆ రాత్రి ఇంట్లో బావగారు తలొంచుకుని రెండు ముద్దలు తిని లేచారు. చెయ్యి కడుక్కుంటూ తమ్ముడితో అన్నారు, ఆమె అక్కడే నిలబడి ఉండగా. "రేపు ఎన్ని జాకీలు కావాలో అమ్మాయిని అడుగు." భర్త ఆమె వైపు తిరిగి, "అన్నయ్య జాకీలెన్ని అంటున్నాడు," అన్నాడు. ఆమె సంఖ్య చెప్పింది. భర్త అన్నయ్య వైపు తిరిగి అదే సంఖ్య అప్పజెప్పాడు. ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

మర్నాడు పగలగొట్టడానికి పాత ముఠాలో సగం మందే వచ్చారు. మిగిలినవాళ్ళు అప్పుడే వేరే మేస్త్రీని చూసుకున్నారు. రోగులు మళ్ళీ ఎండలోనే ఉన్నారు. మిల్లు దగ్గర పాత టైర్లు దించకుండా లారీ తిప్పి పంపేశామని భర్త ఫోను చేశాడు. మిల్లు ఇంకెన్నాళ్ళు నడుస్తుందని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

పెద్ద మేస్త్రీ ఎవరికీ చెప్పకుండా తనే పెద్ద సుత్తి భుజాన వేసుకుని మేడెక్కాడు. గుమ్మం దాటి స్లాబు మీదికి వెళ్ళి, అంచు వైపు నిలబడి, గోడ దగ్గర తెరుచుకున్న పగులు మీదికి సుత్తి ఎత్తాడు. అక్కడైతే నాలుగు దెబ్బలకు తెగిపోతుంది. దాన్ని ఒక్క క్షణం కూడా కళ్ళముందు ఉంచుకోలేని మనిషిలా ఉన్నాడు.

ఆమె గుమ్మంలో ఉంది. పక్కన వెల్డరు, వెనక కూలీలు. చెప్పించడానికి భర్త కోసం చూడలేదు.

"బావగారూ!" ఆ గొంతు వీధిలో వాళ్ళక్కూడా వినపడింది. "అక్కడ కొట్టకండి. ముందు ఇవతలికి రండి. గోడ దగ్గర నరికితే జాకీలతో సహా అంతా పక్కకి ఒరిగిపోతుంది. బయటి అంచు నుంచి చిన్న చిన్న ముక్కలుగా కొట్టుకుంటూ లోపలికి రావాలి. పక్కనున్న పరంజా మీద నిలబడి కొట్టాలి, స్లాబు మీద కాదు."

కూలీల్లో ఒకడు చప్పుడు లేకుండా నాలుక కరుచుకున్నాడు.

సుత్తి గాల్లోనే ఆగింది. ఆయన కళ్ళు పగులు మీదే ఉన్నాయి. ఛాతీ ఒకసారి ఉబ్బి తగ్గింది. ఆయన సుత్తి దించాడు. పగులు దాటి, ఆమె పక్కనుంచి గుమ్మంలోకి వచ్చాడు. మొహంలో కోపం ఉందో, ఇంకేముందో ఆమెకు అంతుబట్టలేదు. ఆమె పక్కకు తప్పుకోలేదు. ఆయనే ఒంటిని ఒరగేసుకుని దాటాడు.

మెట్లు దిగాడు. పరంజా ఎక్కాడు. బయటి అంచు దగ్గర కాళ్ళు ఎడం చేసి నిలబడి, తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

"ఎంత ముక్క?" అని అడిగాడు. తమ్ముడిని కాదు, కూలీలను కాదు. ఆమెనే, కళ్ళెత్తకుండా.

"జానెడు," అంది ఆమె.

ఆయన కొట్టాడు.